ధైర్యం: ఇరవైకి నాలుగు

పరుపుల వ్యాపారి ఫుట్‌బాల్ క్లబ్బు కొన్నాడంటే ఊళ్లో ఎవరూ ఆశ్చర్యపోలేదు. ఆ జట్టు ఆట చూస్తే ఎవరికైనా నిద్రే వచ్చేది.

ఆశ్చర్యం తర్వాత మొదలైంది. ఆయనకు ఫుట్‌బాల్ అనుభవం ఉంది. అపారంగా ఉంది. కాకపోతే అదంతా లాప్‌టాప్‌లో ఉంది. క్లబ్బు మేనేజరుగా ఆడే కంప్యూటర్ ఆట ఒకటుంది. అందులో నిజమైన క్లబ్బులుంటాయి, నిజమైన ఆటగాళ్లుంటారు, ఒక్కొక్కరికి ఒక్కో గుణానికి ఇరవైకి ఇన్ని అని మార్కులుంటాయి. షాపులో పరుపుల మధ్య కూర్చుని ఆయన నాలుగో డివిజన్‌లో మూలుగుతున్న ఊరి జట్టును పైకి లాక్కెళ్లి దేశానికే చాంపియన్‌ని చేశాడు. అంతటి ఘనత లాప్‌టాప్‌లోనే మగ్గిపోవడం అన్యాయమనిపించి అసలు క్లబ్బునే కొనేశాడు.

ఏళ్ల తరబడి జట్టును నడిపిన కోచ్‌కి ఇప్పుడు రెండే బాధ్యతలు. మైదానంలో ప్లాస్టిక్ కోన్‌లు పేర్చడం, మళ్లీ తీయడం. ఎవరు ఆడాలో, ఎవరు బెంచీ మీద కూర్చోవాలో ఆట చెబుతుంది. ఓనరు చదివి వినిపిస్తాడు.

సోమవారం ప్రాక్టీసు అయ్యాక ఆయన గోల్‌కీపర్‌ని పిలిపించాడు. అతన్ని అందరూ గోడ అంటారు. వయసులో ఉన్నప్పుడు వచ్చిన పేరు. ఈ మధ్య గోడకు కిటికీలు పడ్డాయి.

"శుక్రవారం కొత్త అప్‌డేట్ వస్తోంది," అన్నాడు ఓనరు. "కొత్త మార్కులతో వచ్చే సీజన్ మొత్తం నడిపించి చూస్తా. నువ్వు గోల్‌లో ఉంటే జట్టు నిలబడిందా, నీ కాంట్రాక్టు ఉంటుంది. లేకపోతే ఆ రెండో గోల్‌కీపర్‌కి ఇచ్చేస్తా."

"నడిపించడమంటే ఏంటి సార్?"

"నేను కాఫీ తాగుతుంటా. అది ఆడేస్తుంది."

"నేను ఆడక్కర్లేదా?"

"నువ్వు ఆడితే ఏమవుతుందో చూస్తూనే ఉన్నాంగా. ఇంతకీ నీ ధైర్యం ఎంతో తెలుసా? ఇరవైకి నాలుగు."

గోడ తెర మీదికి వంగి చూశాడు. నిజమే, నాలుగు. దాని కింద ఒక ముక్క: బంతి మీదికొస్తే కళ్లు మూసుకుంటాడు.

"ఎవరు రాశారు సార్ ఇది?"

"కంపెనీ ప్రతి క్లబ్బుకీ ఒకణ్ణి పెట్టుకుంటుంది. జీతం ఉండదు, పేరు బయటికి రాదు. మ్యాచ్‌లు చూసి మార్కులేసి పంపుతాడంతే. మన ఊరివాడే ఎవడో ఉంటాడు."

గోడ పగలు డ్రైవింగ్ స్కూల్లో కార్లు నడపడం నేర్పుతాడు. అక్కడ అతను గోడ కాదు, 'సార్, బ్రేకెక్కడ' అని అడిగించుకునే మనిషి. కాంట్రాక్టు పోతే మిగిలేది ఆ ఒక్క ఉద్యోగమే. నేర్పేవాడు ఎదురుగా ఏదైనా వస్తే కళ్లు మూసుకుంటాడన్న సంగతి బయటపడితే అదీ మిగలదు.

రాత్రి భోజనాల దగ్గర గోడ గిన్నెల్ని కూడా అనుమానంగా చూస్తూ కూర్చున్నాడు.

"వాణ్ణి పట్టుకోవాలి," అన్నాడు.

"పట్టుకుని ఏం చేస్తారు?" అంది భార్య. ఆవిడ డ్రైక్లీనింగ్ షాపు నడుపుతుంది. ఎలాంటి మరకనైనా చూడగానే ఎక్కణ్ణించి వచ్చిందో చెప్పగలదు.

"మాట్లాడతా." గోడ పిడికిలి బిగించి మరీ చెప్పాడు. తర్వాత ఎదురుగా ఉన్న బామ్మర్ది వైపు తిరిగాడు. "నీకు కంప్యూటర్లు తెలుసు కదరా. కాస్త సాయం చెయ్యి."

"తప్పకుండా బావా," అన్నాడు బామ్మర్ది.

ఆ క్లబ్బుకు మార్కులు వేసే మనిషి అతనే.

బామ్మర్ది కళ్లద్దాల షాపులో కంటిచూపు పరీక్షిస్తాడు. గది దొరికేదాకా ఓ నెల ఉంటానని అక్క ఇంటికొచ్చాడు. మూడో ఏడు నడుస్తోంది, గది ఇంకా దొరుకుతూనే ఉంది. చుట్టాలకు మార్కులు వేయకూడదని కంపెనీ నియమం. ఆ చుట్టరికం సంగతి అతను కంపెనీకి చెప్పలేదు, మార్కుల సంగతి చుట్టానికి చెప్పలేదు. అయినా మనిషి నిజాయితీపరుడు. బావ ధైర్యానికి న్యాయంగా ఐదు వేయాలి. బంధుప్రీతి అన్న మాట పడకూడదని ఒకటి కోసేసి నాలుగు వేశాడు. అతనూ ఆ ఆటలో ఇదే క్లబ్బుకు మేనేజరు. అక్కడ కుర్చీ ఎక్కగానే చేసిన మొదటి పని గోడను అమ్మకానికి పెట్టడం. కొనే నాథుడు లేక ఊరికే వదిలేశాడు. ఆ పని చేసింది కూడా ఈ భోజనాల బల్ల దగ్గరే, బావ పక్కన కూర్చుని 'ఇంకాస్త వేసుకోరా' అంటుండగా.

మంగళవారం గోడ దర్యాప్తు మొదలుపెట్టాడు. పక్కనే బామ్మర్ది, సహాయ పరిశోధకుడి హోదాలో. టికెట్లు చింపే ఆయన్ని అడిగితే, లోపలికి వెళ్లి మ్యాచ్ చూడమని ఎవరైనా బలవంతం చేస్తారేమోననే గేటు దగ్గర ఉద్యోగం చేస్తున్నానన్నాడు. రిటైరైన రిఫరీని అడిగితే, మ్యాచ్‌లు చూడొద్దని డాక్టరు రాసిచ్చిన చీటీ చూపించాడు. చివరికి పత్రికల ఫొటోగ్రాఫరు దొరికాడు.

"నేనుండేది అవతలి గోల్ దగ్గర, మనవాళ్లు ఎప్పటికైనా ఒకటి కొడతారని. పడేవన్నీ నీ వైపే కదా, అక్కణ్ణించి నీ మొహం నాకు చీమంత కనిపిస్తుంది," అన్నాడు అతను. "నువ్వు కళ్లు మూశావో తెరిచావో తెలియాలంటే నీ గోల్‌పోస్టు పక్కనే కూర్చోవాలి."

"విన్నావా," అన్నాడు గోడ బామ్మర్దితో. "పోస్టు పక్కన ఎవడో నక్కుతున్నాడు."

"దుర్మార్గుడు బావా," అన్నాడు బామ్మర్ది.

బుధవారం గోడ ఈ ఆధారాన్ని ఇంట్లో గర్వంగా వివరించి స్నానానికి వెళ్లాడు. భార్య తమ్ముణ్ణి వంటింట్లోకి పిలిచింది.

"పోస్టు పక్కన ఒకటే బెంచీ ఉంది. ఆటగాళ్ల ఇంట్లోవాళ్లకి వేసింది. దాని మీద కూర్చునేది మనిద్దరం. నేను రాయలేదు."

బామ్మర్ది గ్లాసు కడగడం మొదలుపెట్టాడు. కడిగిన గ్లాసే.

"నిజమే రాశానక్కా."

"నిజం ఎవరడిగార్రా నిన్ను? మార్చడానికి గడువెప్పుడు?"

"రేపు సాయంత్రం."

"అయితే ధైర్యం పదిహేడు చెయ్యి."

"పదిహేడా? పదకొండు వేస్తానక్కా. నమ్మేలా ఉంటుంది."

"నాతో బేరాలాడకు. పదిహేడు. లేదంటే మీ బావకి చెప్తా, ఆ తర్వాత నీకు గది కాదు, మంచం దొరుకుతుంది, ఆసుపత్రిలో."

"మరి మిగతా మార్కులు?"

"మిగతావి నీ ఇష్టం. నిజాయితీపరుడివి కదా."

గురువారం సాయంత్రం అతను పదిహేడు వేశాడు. ఇంత పెంచడానికి కారణమేంటని కంపెనీవాళ్లు అడిగితే, 'ఇంట్లో ప్రోత్సాహం బాగా పెరిగింది' అని రాశాడు. అక్క మాట జవదాటకుండా మిగతావన్నీ ఉన్నవి ఉన్నట్టే వదిలేశాడు. వాటిలో 'ఎప్పుడు ముందుకు రావాలో తెలియడం' అనేది కూడా ఉంది. అది మూడు.

శుక్రవారం జట్టంతా డ్రెస్సింగ్ రూములో చేరింది. గోడ భార్య తలుపు దగ్గర నిలబడింది. బామ్మర్ది లాప్‌టాప్‌ని ప్రొజెక్టరుకి తగిలిస్తే ఆట ఎదుటి సున్నపు గోడ మీద పడింది.

"ఆట చెప్పిందే ఖాయం," అని ప్రకటించాడు ఓనరు. "ధైర్యం పదిహేడు అయింది. చూశావా, నేను తిట్టబట్టే." మీట నొక్కి కాఫీ అందుకున్నాడు.

మొదటి మ్యాచ్‌లో, గోడ వేసుకునే రంగు చొక్కాలో ఉన్న బొమ్మ బంతి కోసం గోల్ వదిలి మధ్య గీత దాకా పరిగెత్తింది. ప్రత్యర్థిని గుద్దింది. ఎర్ర కార్డు. నిషేధం తీరాక వచ్చిన మ్యాచ్‌లో ఇంకా ముందుకెళ్లింది. ఈసారి గుద్దింది సొంత జట్టువాణ్ణి. ఇద్దరికీ స్ట్రెచర్లు వచ్చాయి. కోలుకుని తిరిగొచ్చిన ప్రతిసారీ అంతకంతకూ వీరుడైపోయింది. ఖాళీ గోల్‌లో బంతులు వచ్చి వాలుతున్నాయి.

"ఏం చేస్తున్నావురా అక్కడ?" అన్నాడు ఓనరు, అసలు గోడ వైపు తిరిగి.

"నేను ఇక్కడే కూర్చున్నా సార్."

సీజన్ సగానికి రాకముందే జట్టు అట్టడుక్కి చేరింది. తెర ఆగిపోయింది. ఒక సందేశం వచ్చింది: క్లబ్బు పాలకవర్గం మిమ్మల్ని మేనేజరు పదవి నుంచి తొలగించింది.

ఓనరు మళ్లీ మొదటినుంచి నడిపించాడు. ఈసారి ఇంకా ముందే పీకేశారు.

"ఆట చెప్పింది కదండీ," అన్నాడు కోచ్, ఎంతో వినయంగా.

ఎవరో దగ్గారు. మిగతావాళ్లు ఆపుకోలేక నవ్వేశారు. పరుపుల వ్యాపారి లాప్‌టాప్ మూసేశాడు. షాపులో సరుకు దిగుతోందని, జట్టు సంగతి ఈ ఏడాదికి కోచే చూసుకోవచ్చని గుమ్మం దాటుతూ చెప్పి వెళ్లిపోయాడు.

"గోడా, ఇంకో ఏడాది నువ్వే," అన్నాడు కోచ్. "ఆ రెండో కీపర్ కళ్లు తెరుచుకునే వదిలేస్తున్నాడు. నువ్వు మూసుకునైనా కొన్ని ఆపుతావు. కొత్తవాణ్ణి వెతికే ఓపిక నాకు లేదు."

గోడ గుండెల నిండా గాలి పీల్చుకున్నాడు. అక్కడితో ఆగితే పోయేది. "మీరైతే నా ధైర్యానికి ఎంత వేసేవారు సార్?"

"రెండు. నాలుగేసినవాడెవడో నీ దగ్గరి చుట్టమై ఉంటాడు."

ముగ్గురూ కారులో ఇంటికి బయల్దేరారు. గోడ నడుపుతున్నాడు. పక్క సీట్లో బామ్మర్ది. వెనక అతని అక్క కిటికీలోంచి, ఎన్నడూ చూడనట్టు, రోజూ చూసే వీధినే చూస్తోంది.

ఎర్ర లైటు దగ్గర కారు ఆగింది.

"నువ్వేనా?" అన్నాడు గోడ.

"నేనే బావా."

గోడ స్టీరింగు మీద వేళ్లతో కాసేపు తాళం వేశాడు. బామ్మర్ది మనసులో ఊళ్లోని అద్దె గదులన్నీ ఒకసారి తిరిగొచ్చాడు.

"మళ్లీ మార్కులెప్పుడు పంపాలి?"

"ఆరు నెలల తర్వాత."

"నువ్వే పంపుతావా?"

"నువ్వు వద్దంటే మానేస్తా బావా."

"ఎవడన్నాడు వద్దని?" గోడ అద్దంలో తన చెంపల దగ్గర నెరిసిన జుట్టును చూసుకున్నాడు. "వయసు కాస్త తగ్గించొచ్చా?"

"పుట్టినతేదీ మన చేతుల్లో ఉండదు బావా. కంపెనీవాళ్లే చూసుకుంటారు."

పచ్చ లైటు పడింది. వెనక బండివాడు హారన్ కొడుతున్నాడు. గోడ కారు కదిలించలేదు.

"పోనీ, ఎత్తు?"