పలుపు కట్టిన చెయ్యి

తెల్లవారుతూనే రామసుబ్బమ్మ కొట్టంలో కసువు ఊడ్చి, తన రెండు పెయ్యల్నీ వీధివైపు రాతితొట్టి దగ్గర కట్టేది. మూడోదాన్ని కోడలు ఇంద్రాణి కట్టేది. వేరుశనగ కట్టెను, అంటే కాయలు తెంపి ఎండబెట్టిన తీగను, మట్టి దులిపి పొద్దున వేసేవాళ్లు, సాయంత్రం జొన్నచొప్ప. ఆ ఏడు కూడా వానల్లేవు. బెళుగుప్ప చుట్టుపక్కల గడ్డిపోచ కరువైంది. అయినా రామసుబ్బమ్మ పెయ్యలకు మేత తగ్గించలేదు. ఊళ్లో పాలకేంద్రం పెట్టాక అందరి ఆశా వాటిమీదే.

ఆ సీమలో పెయ్యను ఎవరి చెయ్యి కడితే అది వాళ్లలాగే తింటుంది. ఈనేదాకా అంతే, ఈనిన తరవాత దాని దారి దానిది. ఊళ్లో చిన్నక్క కట్టింది నములుతూ నములుతూ తలెత్తి, వీధిలో ఎవరు పోతున్నారో చూసి మళ్లీ తినేది. బసప్పది మెత్తని ఆకు ఏరుకుని కాడలు వదిలేసేది. పళ్లూడిపోయిన శివప్పది నానబెడితే తప్ప ముట్టేది కాదు. రామసుబ్బమ్మ పెయ్యలైతే తొట్టి తమ సొంతమన్నట్టు, నిదానంగా, కడుపునిండా తినేవి.

ఇంద్రాణి పెయ్య మాత్రం మేత పడీ పడకముందే నాలుగు పెరుకులు గబగబా లాక్కునేది. మింగుతూనే అటూ ఇటూ చూసేది. ఎవరి అడుగు వినబడినా వెనక్కి జరిగి నిలబడిపోయేది. అందరూ పోయాక వచ్చి అడుగున మిగిలిన కాడలు నాకేది. పెద్దవి రెండూ పొడుస్తాయని బెదురుకుంటోందనుకుని రామసుబ్బమ్మ దాన్ని పెరటిగోడ వైపు మార్పించి, వేరే గంపలో నిండా మేత వేయించింది. అయినా దాని తీరు మారలేదు.

"బెదురుగొడ్డు," అని ఊరుకుంది రామసుబ్బమ్మ. కోడలు ఎలా తింటుందో ఆమె ఏనాడూ గమనించలేదు.

బెళుగుప్పలో దూడల పోటీ పెడుతున్నారని తెలిసినప్పుడు ఆమెకు ఆ పెయ్యే గుర్తొచ్చింది. తనవి రెండూ పోటీకి వయసు మీరినవి. ఇదేమో నల్లటి నునుపైన ఒళ్లు, నొసట తెల్లమచ్చ.

"దీన్ని తోలుకపోవద్దు అత్తా," అంది ఇంద్రాణి.

"ఎందుకే?"

"వద్దంతే. నలుగురిలో అది సరిగ్గా మేయదు."

"నీ పెయ్యకు పేరొస్తే నీకేం నొప్పి?" అని రామసుబ్బమ్మ కొట్టిపారేసింది.

పోటీ రోజు మైదానం నిండా జనం. ఇంద్రాణే పెయ్యను తోలుకొచ్చి గుంజకు కట్టింది. పశువుల డాక్టరు దాని ఒళ్లు తడిమి, పళ్లు చూసి, మెచ్చుకుంటూ తలాడించాడు. మేత ఎలా తింటుందో కూడా చూస్తామని అన్నిటి ముందూ పచ్చగడ్డి వేయించాడు. ఆ కరువులో అంత పచ్చగడ్డి చూసి పెయ్యలన్నీ తలలు దించాయి.

ఇంద్రాణి పెయ్య ఒక్క పెరుకు పెరికి, నమలకుండా మింగి, అటూ ఇటూ చూసింది. సరిగ్గా చూద్దామని రామసుబ్బమ్మ దగ్గరికి నడిచింది. ఆమె అడుగు వినగానే పెయ్య ముందున్న గడ్డి అక్కడే వదిలేసి, పలుపు అందినంత దూరం జరిగి తలొంచుకుంది.

చుట్టూ ఉన్న ఆడవాళ్లలో నాగలక్ష్మమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పక్కకు తిరిగింది. మిగతావాళ్లూ తిరిగారు. ముదిగుబ్బ నుంచి బిడ్డను చూసిపోదామని వచ్చిన ఇంద్రాణి తండ్రి ఆదెన్న మైదానం చుట్టూ కట్టిన తాడు దగ్గర నిలబడి ఉన్నాడు. ఆయన ఒక్కడే చూపు తిప్పుకోలేదు.

"మేత సరిగ్గా పెడుతున్నారామ్మా?" అడిగాడు డాక్టరు. ఆయన కోస్తా మనిషి. ఆ సీమ సంగతి తెలియదు.

"పెడతానే ఉండాము సార్," అంది రామసుబ్బమ్మ.

అప్పుడు కోడలివైపు చూసింది. తలొంచుకుని, ఆ పెయ్య నిలబడ్డట్టే నిలబడి ఉంది. పెళ్లైన కొత్తలో ఒకరోజు ఇంద్రాణి రెండో సంగటి ముద్దకు చెయ్యి చాపితే, "ఇంకొకటి కావల్నా?" అని తను అడిగిన మాట గుర్తొచ్చింది. ఊరికే అడిగింది. రాగులు పిరెమై, కొనలేని రోజులవి. ఆ తరవాత కోడలు ఎప్పుడు తింటోందో, ఏం తింటోందో తను పట్టించుకోలేదు. కోడలు పొయ్యి దగ్గర తినడానికి కూర్చుందో లేదో, నీళ్లనీ, తలుపనీ తను పిలిచేది. పిలిచిన ప్రతిసారీ ఆ పిల్ల ఎంగిలి చెయ్యి కడుక్కుని పరుగెత్తుకొచ్చేది.

ఆ సాయంత్రం రామసుబ్బమ్మ తనే వడ్డించి, కోడలి ఎదురుగా కూర్చుని, "తినమ్మా," అంది. అత్త కళ్లెదుట ఇంద్రాణికి ముద్ద దిగలేదు. పళ్లెం ముందు అలాగే కూర్చుంది. చివరికి రామసుబ్బమ్మే లేచిపోయింది.

మర్నాడు ఆదెన్న లగేజీ ఆటో తీసుకుని వచ్చాడు.

"అక్కా, బిడ్డనూ పెయ్యనూ తోలుకపోతాండా," అన్నాడు.

రామసుబ్బమ్మ మొగుడు ఓబులేసు అరుగు మీంచి లేచాడు. "ఏమప్పా, మా ఇంట్లో ఏం తక్కువ చేసినాము? మా పరువేం కావల్లా?"

"తోలుకపోనీ," అంది రామసుబ్బమ్మ మొగుడితో. తనే పెయ్యను విప్పి ఆటో ఎక్కించి, లోపలి కమ్మీకి పలుపు కట్టి, దాని ముందు రెండు చేతులనిండా వేరుశనగ కట్టె వేసింది.

పెయ్య దాన్ని వాసన కూడా చూడలేదు. ఇంత మేత మూతి ముందుంటే కళ్లు నేలకు దించి ఊరికే నిలబడింది. ఇంకా ఏదో అనబోయిన ఓబులేసు దాన్ని చూసి, పెళ్లాం మొహం చూసి, నోరు మూసుకున్నాడు. నిన్నటి పోటీ నుంచి ఆమె ఏమీ తినలేదని ఆయనకు అప్పుడే తెలిసింది.

అప్పటికే ఆటో ఎక్కి కూర్చున్న ఇంద్రాణి కిందికి దిగింది. "నాయనా, రోంతసేపు ఉండు," అని లోపలికి పోయి సంగటీ, రోట్లో నూరిన ఊరుబిండీ రెండు పళ్లేలలో పెట్టుకొచ్చింది. ఒకటి అత్త ముందు పెట్టి, రెండోది తీసుకుని ఎదురుగా కూర్చుంది.

"తినత్తా. నువ్వు తినకుంటే అది దావ పొడుగునా పస్తుంటాది."

రామసుబ్బమ్మ తల ఎత్తలేదు. ఒక ముద్ద తుంచి మింగింది. ఇంకొకటి మింగింది. ఆటోలో పెయ్య కట్టెను నోటికి అందుకుంది. ఇంద్రాణి మొదట గబగబా తిన్నా, ఎవరూ పిలవకపోయేసరికి చెయ్యి నెమ్మదించింది. ఆ పూట ఆమె పళ్లెంలో ముద్ద చివరిదాకా తిన్నది.

"పోదామా అమ్మా?" అన్నాడు ఆదెన్న.

ఇంద్రాణి చెయ్యి కడుక్కుంది. "పోదాం నాయనా," అంది.

ఆమె మొగుడు విష్ణువర్ధన్ అంతసేపూ గడప దగ్గరే నిలబడి ఉన్నాడు. ఇన్నేళ్లూ నాయన పక్కన ముందు పంక్తిలో తిని, వెనక ఎవరు మిగిలారో చూడకుండా లేచిపోయినవాడు. వెళ్లి ఆటోలో పెయ్య పక్కన ఎక్కి, అది పడిపోకుండా మెడ పట్టుకున్నాడు. తరవాత ముదిగుబ్బలోనే వాళ్లు వేరే పొయ్యి పెట్టుకున్నారు.

ఆటో పోయిన సాయంత్రం మేత వేళ ఓబులేసు కొట్టంలోకి వచ్చి పలుపులు అందుకున్నాడు.

"నేను కడతాలే. నువ్వు ముట్టద్దు. వీధిలో అందరూ చూస్తారు."

"చూడనీ," అంది రామసుబ్బమ్మ.

ఆయన చేతిలోంచి పలుపులు తీసుకుని, రెండు పెయ్యల్నీ తనే వీధివైపు కట్టింది. మొన్నటిదాకా తొట్టి తమదే అన్నట్టు తిన్నవి ఇవాళ మెడలు వంచుకుని, ఒక్కొక్క పోచా తీసుకుని, మింగలేక మింగాయి. రామసుబ్బమ్మ లోపలికి పోలేదు. వచ్చేపోయేవాళ్లకు కనబడేట్టు వాటి పక్కనే నిలబడింది.