తీసివేత

నక్షత్రం వెలుగును చూపే గీత తెరమీద కుడివైపుకు పాకుతోంది. అతను కళ్లజోడు నుదుటిమీదికి తోసి, ముక్కు తగిలేంత దగ్గరగా వంగాడు. గీత మాత్రం వంగలేదు.

ఆ నక్షత్రం చుట్టూ తిరిగే గ్రహం అంత దూరంలో విడిగా కనబడదు. దాని వెలుగు నక్షత్రం వెలుగులో కలిసిపోతుంది. అది నక్షత్రం వెనక్కి వెళ్లినప్పుడు మొత్తం వెలుగు రవ్వంత తగ్గుతుంది. ఆ తగ్గిందే గ్రహానిది; అదెంతో తేలితే గ్రహం ఎంత వేడో తెలుస్తుంది. ఆ తీసివేతే అతని ఉద్యోగం. ఆఫీసులో అతన్ని తీసివేతల మాస్టారంటారు. నెత్తిమీద జుట్టు కూడా తీసేసుకున్నాడని చాటుగా నవ్వుకుంటారు.

మొదటిసారి ఈ సంగతి చెప్పినప్పుడు అక్క బట్టలు మడతపెడుతూ వింది. "అంటే ఉన్నన్నాళ్లూ కనబడదు, పోతేనే తెలుస్తుందన్నమాట. ఇళ్లల్లో ఆడవాళ్లలాగే" అంది. దాక్కుంటేనే దొరుకుతాడని గ్రహానికి దొంగ అని పేరు పెట్టింది.

తల్లి పోయాక తమ్ముణ్ణి పెంచడంలో పడి పెళ్లి మాటే మరిచిన మనిషి. ఆమెకు ఇక చేసేదేమీ లేదని పొద్దున ఆస్పత్రిలో డాక్టరు చెప్పేశాడు. సాయంత్రం దాకా ఎవరినీ ఆమె గదిలోకి రానివ్వబోమన్నారు. కాలుగాలిన పిల్లిలా వరండాలో తిరిగి తిరిగి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక పనికి వచ్చేశాడు.

ఇక్కడా చేయగలిగింది లేదు. గ్రహాన్ని తొందరపెట్టలేడు.

మధ్యాహ్నం గీత కాస్త దిగింది. అంతరిక్షంలోని టెలిస్కోపు వణికిందేమోనని ఆ వణుకును లెక్కలోంచి తీసేశాడు. కెమెరా వేడెక్కిందేమోనని ఆ వేడినీ తీసేశాడు. అయినా దిగుడు మిగిలింది. పక్క సీటావిడను పిలవబోతుంటే ఫోను మోగింది. వెంటనే రమ్మంది నర్సు.

అక్క కళ్లు తెరిచే ఉంది.

"దొరికాడా నీ దొంగ?"

వినికిడి మిషన్ ఉన్న చెవి దగ్గరికి వంగాడు. "దొరికాడక్కా."

"ఏం రంగురా?"

"రంగు తెలీదు. వేడి ఒక్కటే తెలిసింది."

"పాపం, అంత దూరంనుంచి" అంది. "నువ్వు తిన్నావా?"

తిన్నానని అబద్ధమాడాడు. ఆమె చేతిని రెండు చేతుల్లోకి తీసుకుని రుద్దాడు. రుద్దినంతసేపూ వెచ్చగా ఉండేది. తర్వాత ఎంత రుద్దినా వెచ్చబడలేదు. నర్సు వచ్చి అతని వేళ్లను మెల్లగా విడదీసింది.

అక్క చెవిలోని వినికిడి మిషన్ నర్సే తీసి అతని చేతిలో పెట్టింది. దాన్ని ఎలా ఆపాలో అతనికి తెలియదు. గుప్పిట మూసినప్పుడల్లా అది సన్నగా కూస్తోంది.