తాడు మోసిన భుజం

బ్రహ్మ చేసిన తప్పులు దిద్దడానికే తాను పుట్టానని బొమ్మల బసవపున్నయ్యకు గట్టి నమ్మకం. బొమ్మలో మగవాడంటే తన ముఖానికి తొమ్మిది రెట్లు పొడుగుండాలి, భుజాలు త్రాసు పళ్లేల్లా సమంగా ఉండాలి. ఒంటి మీద మచ్చ కనబడిందో, ఆ బొమ్మ చిత్తుకాగితమే. బెజవాడ ప్రెస్సుల్లో పురాణం పుస్తకాల అట్టల మీది బొమ్మలన్నీ ఈయనే వేసేవాడు గనక ఎదురు చెప్పేవాడు లేడు.

ఆ కొలతలకు దరిదాపుల్లోకి వచ్చినవాడు చౌడయ్య ఒక్కడే. బందరు కాలవ గట్టున తాడు భుజానేసుకుని పడవలు లాగేవాడు. ఎనిమిదేళ్లపాటు ఆదివారం ఆదివారం వచ్చి ఈయన బొమ్మ గీస్తుంటే ఎదురుగా కదలకుండా నిలబడేవాడు. రాముడయ్యాడు, భీముడూ అయ్యాడు. కాకపోతే తాడు ఒరిపిడికి ఒక భుజం కిందికి జారి, దాని మీద కాయ కాచింది. బసవపున్నయ్య ప్రతి బొమ్మలోనూ ఆ భుజం పైకెత్తి గీసి, కాయ తీసేసేవాడు.

"నాదేగా బాబుగారూ, ఉండనివ్వరాదూ?" అన్నాడోసారి చౌడయ్య.

"రాముడు పడవ లాగాడటయ్యా?" అన్నాడు బసవపున్నయ్య. ఇద్దరూ నవ్వుకున్నారు.

పంతొమ్మిదివందల నలభై మూడు వానాకాలంలో కలరా తగిలి చౌడయ్య రెండు రోజుల్లో పోయాడు. మూణ్నెల్లకి అతని భార్య రాఘవమ్మ వచ్చి గుమ్మంలో నిలబడింది.

"ఫోటో ఒక్కటీ లేదండీ. పిల్లలకి మొహం మరుపొచ్చేస్తంది. మీ కాడున్నయ్యిగా, ఆయనది ఒకటి ఇప్పించండి."

బసవపున్నయ్య పాత బొమ్మల కట్టలన్నీ విప్పి ముందు పరిచాడు. ఆమె ఒక్కో దేవుణ్ణీ కళ్లకద్దుకుని పక్కన పెట్టింది. ఆఖరిదీ పెట్టేసి, "ఇందులో మా ఆయన లేడండీ" అంది.

బసవపున్నయ్య ఆ బొమ్మలన్నీ పక్కకు నెట్టాడు. "కూర్చో అమ్మా, ఇప్పుడే గీస్తాను" అని పెన్సిలు పట్టాడు. ముఖం చివర్న చూద్దామని మెడ దగ్గర మొదలుపెట్టాడు. భుజాలకొచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది. జారింది కుడిదా, ఎడమదా? ఎనిమిదేళ్లు ఎదురుగా నిలబెట్టుకున్న మనిషి. సిగ్గుతో ఆయనకు ఏడుపొచ్చింది.

"ఏ భుజమమ్మా?" అన్నాడు తల ఎత్తకుండా.

"ఎడందండీ. రోజూ ఆవదం రాసేదాన్ని."

గీశాడు.

"ఇంకాస్త దించండి. కాయ ఇంకా పెద్దది."

దించాడు, పెద్దది చేశాడు. రాఘవమ్మ అరచెయ్యి తెచ్చి ఆ కాయ మీద ఆనించి బావురుమంది. చాలాసేపటికి తేరుకుంది. బసవపున్నయ్య కళ్లు తుడుచుకుని పెన్సిలు ముఖం దగ్గరికి తీసుకెళ్లాడు.

ఆమె కాగితం మెల్లగా తన వైపు లాక్కుంది.

"మొహం వద్దులెండి బాబుగారూ. మళ్లీ దేవుణ్ణి చేసేస్తారు."