పదిహేడో రూటు

పోటీకి వచ్చిన రూట్లు ఇరవై మూడు. ఫలితాలు ఆదివారం చెప్పాలి. బుధవారం మధ్యాహ్నం రెండున్నరకి గడియారాల మెకానిక్ బల్ల మీది స్క్రూలన్నీ డబ్బాలో పోసి, కంప్యూటరు దగ్గరికి లాక్కుని, మార్కులు కూడటానికి కూర్చున్నాడు.

రైలు నడిపే ఆట అది. తెర మీద ఇంజన్ ఎక్కి, బ్రేకు పట్టుకుని, సిగ్నళ్లు చూసుకుంటూ బండిని గమ్యానికి చేర్చాలి. ఆడేవాళ్లంతా నాలుగు వందల మంది ఒక గుంపు. ఆటతో పాటు వచ్చిన రూట్లు నడిపి నడిపి మొహం మొత్తి, సొంతంగా పట్టాలు పరిచి, స్టేషన్లు కట్టి, చెట్లు నాటుకోవడం మొదలుపెట్టారు. పోటీ పెడితే బాగుంటుందన్నది మెకానిక్. అన్నవాడి నెత్తికే చుట్టారు. రూల్సు కూడా ఆయనే రాశాడు. నిజంగా ఉన్న లైనునే కట్టాలి. ముప్పై కిలోమీటర్లు మించకూడదు. ఫలితాల రోజుకి అమల్లో ఉండే టైంటేబుల్ ప్రకారమే బండ్లు తిరగాలి. ముగ్గురు జడ్జీలూ ఒక్కో రూటుని ఒక్కసారే నడపాలి, ప్రాక్టీసు చేయకూడదు.

జడ్జీల్లో ఒకడు తనే. రెండోది బళ్లో భూగోళం చెప్పే టీచరమ్మ. మూడో ఆయన రెండు వీధుల అవతల ఉండే రిటైర్డ్ రైలు డ్రైవరు. ముప్పై నాలుగేళ్ల సర్వీసులో ఒక్క ఎర్ర సిగ్నల్ కూడా దాటలేదని ఆయన రోజుకోసారైనా చెబుతాడు. అందుకే గుంపులో అందరూ ఆయన్ని ఎర్రదీపం అన్నగారంటారు. ఆటలో ఎవరైనా ఎర్ర దాటితే వాళ్ల పేరు పక్కన వారం రోజులు గాడిద బొమ్మ పెడతారు. ఆ ఆచారం మొదలుపెట్టిందీ మెకానికే.

పదిహేడో రూటు దాకా వచ్చాడు. అది కట్టినది పిచ్చుక అనే పేరుతో ఆడే అమ్మాయి. ఆస్పత్రిలో నర్సు, రోజూ ఆ లైను మీదే డ్యూటీకి వెళ్లొస్తుంది. టీచరమ్మ పంపిన కాగితంలో ప్రయాణానికి పట్టిన సమయం వేయడం మరిచిపోయింది. ఆట తనంతట తానే ప్రతి ప్రయాణాన్నీ ఒక ఫైల్లో రాసుకుని, పోటీ పెట్టినవాడికి పంపుతుంది. సమయం చూద్దామని మెకానిక్ ఆ ఫైలు తెరిచాడు.

అందులో ఒక ప్రయాణం ఉండాలి. రెండున్నాయి. మొదటిది ఇరవై రెండో కిలోమీటరు దాటాక నాలుగు వందల మీటర్ల దగ్గర ఆగిపోయింది. కారణం: ఎర్ర సిగ్నల్ దాటారు. తొమ్మిది నిమిషాల తర్వాత రెండోది మొదలైంది, చివరిదాకా సాఫీగా నడిచింది. మార్కుల కాగితంలో మాత్రం, సిగ్నళ్లు, పదికి పది.

మెకానిక్‌కి నవ్వొచ్చింది. "దొరికిపోయావు టీచరమ్మా" అనుకున్నాడు. నవ్వు సగంలోనే ఆగింది. ఎందుకంటే పోయిన ఆదివారం పొద్దున ఆయనా అక్కడే దాటాడు. తెర నల్లబడి అక్షరాలు పడగానే, ఇంట్లో ఎవరూ లేకపోయినా అటూ ఇటూ చూశాడు. చేతిలో టీ గ్లాసు ఉంది, ధ్యాస తప్పిందనుకున్నాడు. రెండోసారి సిగ్నల్ ఎక్కడుందో తెలుసు కాబట్టి ముందే బ్రేకు వేసి ఆపాడు. తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని పదికి పది వేశాడు.

ఇక మిగిలింది అన్నగారి ఫైలు. తెరిచాడు. రెండు ప్రయాణాలు. మొదటిది ఇరవై రెండు పాయింట్ నాలుగు దగ్గర ఆగింది.

అది ఏ లైనో మెకానిక్‌కి తెలుసు. తన కూతురు రైలు డ్రైవరు. ఈ ఆట ఆయనకి అంటించిందే ఆ పిల్ల, శిక్షణలో ఉన్నప్పుడు ఇంట్లో సాధన చేసేది. ఉద్యోగమొచ్చాక ఆమె ఆట మానేసింది, ఈయన మానలేదు. పోయిన నెల ఆమెని ఆ శాఖా లైనుకి మార్చారు. పాత డ్రైవరు పక్కన కూర్చుని మూడుసార్లు వెళ్లొచ్చింది. ఒంటరిగా నడపడం రేపు గురువారం నుంచి.

ముందు పిచ్చుకకి ఫోన్ చేశాడు. ఆ అమ్మాయి పొరపాటుగా కట్టి ఉంటే బాగుండునని ఆయన కోరిక.

"అమ్మా, ఇరవై రెండో కిలోమీటరు మలుపులో గోడ ఒకటి పెట్టావు. కాస్త ముందుకి జరిగినట్టుంది. సిగ్నల్ కనిపించట్లేదు."

"జరగలేదు బాబాయ్‌గారూ. అక్కడ కొత్తగా గోదాము కడుతున్నారు, దాని ప్రహరీ. లేచి మూడు వారాలైంది. బండిలోంచి స్తంభాలు లెక్కపెట్టి మరీ కట్టాను. మార్కులు కోసేస్తారా ఏంటి?"

"ముందు సిగ్నల్ ఉందని చెప్పే బోర్డు ఉండాలి కదా?"

"ఉండేది. గోడ కట్టేవాళ్లు పీకి కంచెకి ఆనించారు. నేనూ అలాగే ఆనించి పెట్టాను, చూడలేదా? ఫొటోలు పంపిస్తానుండండి."

"మరి అక్కడ రోజూ బండ్లు ఎలా ఆగుతున్నాయి?"

"ఆగవు. నేను ఎక్కే బండికి అది ఎప్పుడూ పచ్చే. క్వారీ నుంచి రాళ్ల బండ్లు రాత్రిళ్లు దాటిపోతాయి. ఇప్పుడు కొత్త టైంటేబుల్లో ఒక రాళ్ల బండి పొద్దున ఏడూ నలభైకి పెట్టారు. సరిగ్గా మా బండి టైము. ఫలితాల రోజు టైంటేబులే వాడాలని మీరే రూలు పెట్టారుగా. కొత్తది రేపట్నుంచి."

ఫొటోలు వచ్చాయి. గోడ ఉంది. దాని వెనక సిగ్నల్ స్తంభం కొన మాత్రం కనిపిస్తోంది. మెకానిక్ కాగితం మీద లెక్క వేశాడు. సిగ్నల్ కంటపడేది తొంభై మీటర్ల దూరంలో. అరవై వేగంతో వచ్చే బండి ఆగడానికి మూడు వందలైనా కావాలి. సిగ్నల్ నుంచి రాళ్ల బండి పట్టాలు కలిసే చోటికి నూట ఇరవై. మళ్లీ వేశాడు. అంకెలు మారలేదు.

కూతురికి ఫోన్ చేశాడు. స్విచాఫ్. డ్యూటీ ఎక్కేముందు డ్రైవర్లు ఫోను డిపోలో అప్పగించాలి, తిరిగొచ్చాకే ఇస్తారు. ఆమె మధ్యాహ్నమే పాత డ్రైవరుతో గూడ్సు బండి ఎక్కి బయల్దేరింది. రాత్రికి ఆ చివర డ్రైవర్ల విడిది గదుల్లో పడుకుని, పొద్దున ఆరూ యాభైకి పాసింజరు తీసుకుని రావాలి. విడిదికి చేస్తే కాపలాదారు ఫోన్ ఎత్తాడు.

"ఇంకా రాలేదండీ. వచ్చాక ఏం చెప్పమంటారు?"

"ఇరవై రెండో కిలోమీటరు దగ్గర గోడ అడ్డొచ్చింది, సిగ్నల్ కనపడదు, అక్కడ ప్రమాదం..."

"పెద్దాయనా, బండెక్కే మనిషికి ఇంటినుంచి వచ్చే భయం కబుర్లు చెప్పొద్దని మాకు ఆర్డరుంది. పోయిన ఏడు ఒకాయన భార్య ఇలాగే కలొచ్చిందని ఫోన్ చేసింది."

"కల కాదయ్యా!"

"ఆవిడా అదే అంది."

బండ్ల రాకపోకలు చూసే కంట్రోల్ రూంకి చేస్తే, వాళ్లు ఇంకా మర్యాదగా మాట్లాడారు. ఏ డిపార్ట్‌మెంటని అడిగారు. గడియారాలు బాగుచేస్తానన్నాడు. ఎక్కడ చూశారని అడిగారు. అబద్ధం నోటి చివరిదాకా వచ్చింది గానీ చెప్పడం చేతకాలేదు. "ఆటలో" అన్నాడు. అవతల ఎవరో నవ్వు ఆపుకున్న చప్పుడు.

"మా వాడూ ఆడతాడండీ. మొన్న విమానం కూల్చేశాడు. రాసుకున్నాం, చూస్తాంలెండి."

ఏం రాసుకున్నారని అడిగేలోపు పెట్టేశారు. మెకానిక్ కొట్టు మూయకుండానే లేచాడు. సగం వీధి నడిచాక గుర్తొచ్చి వెనక్కొచ్చి తాళం వేశాడు.

అన్నగారు ముందు గదిలో పేపరు చదువుతున్నాడు. వెనక గోడకి ఆయన పదవీ విరమణ రోజు ఇచ్చిన ఫలకం వేలాడుతోంది, ప్రమాదరహిత సేవ అని చెక్కి ఉంది.

"రా తమ్ముడూ. మార్కులు తేలాయా? ఎవరికిస్తున్నాం?"

"పదిహేడో రూటు మీరు రెండుసార్లు నడిపారన్నగారూ."

పేపరు దిగలేదు. "ఒక్కసారే నడిపా."

"ఫైలు చూశాను."

"ఓహో, ఫైలా. మొదట్లో వేలు జారి మూసేశాలే. కళ్లజోడు మార్చాలి."

"ఇరవై రెండు పాయింట్ నాలుగు దగ్గర జారిందా?"

వంటగది గుమ్మంలో వదిన నిలబడింది. "అదా సంగతి! ఆదివారం నుంచి ఈ మనిషి సరిగ్గా తినడు, పడుకోడు. చక్కెర పెరిగిందేమోనని నేను డాక్టరు దగ్గరికి ఈడ్చుకెళ్లాను."

"నువ్వు లోపలికెళ్లవే."

"ఎందుకెళ్లాలి? నా ఇల్లే."

"అన్నగారూ, నేనూ దాటాను. టీచరమ్మా దాటింది. ముగ్గురం అక్కడే. ముగ్గురం దాచాం." మెకానిక్ ఫొటోలు ఆయన ముందు పెట్టాడు. గోడ గురించి, పీకేసిన బోర్డు గురించి, ఏడూ నలభై రాళ్ల బండి గురించి చెప్పాడు. "రేపు ఆ బండి నడిపేది మా అమ్మాయి."

అన్నగారు ఫొటోని కంటికి దగ్గరగా పెట్టుకుని, దూరంగా పెట్టుకుని, మళ్లీ దగ్గరగా పెట్టుకున్నాడు. చివరికి కళ్లజోడు తీశాడు.

"నాకు వయసు మీదపడిందనుకున్నా తమ్ముడూ. రిటైరవడం మంచిదైంది, లేకపోతే ఎవర్నో చంపేవాణ్ని అనుకున్నా. మూడు రాత్రులు అదే. సిగ్నలుది తప్పయ్యుంటుందన్న ఆలోచనే రాలేదు."

"మీరు చెబితే కంట్రోల్ వాళ్లు వింటారు."

"ఏమని చెప్పమంటావ్? ఆటలో దాటానని? నేనా?"

"మీరే."

"వాళ్లలో సగం మందికి నేను పాఠాలు చెప్పాను. ఇరవై ఏళ్లు అదొక్కటే చెప్పాను, ఎర్ర దాటేవాడు డ్రైవరు కాదని."

మెకానిక్‌కి బతిమాలడం రాదు. వదినే ఫోన్ తెచ్చి మొగుడి ఒళ్లో పడేసింది. "పాప ఇంటికి రావాలి. తర్వాత ఏడుద్దువుగాని నీ పరువు కోసం."

అవతల ఎత్తింది ఒకప్పుడు ఆయన కింద పనిచేసిన మనిషి. కుశల ప్రశ్నలయ్యాయి. అన్నగారు లేచి నిలబడి మాట్లాడాడు, పైఅధికారి ముందు నిలబడినట్టు.

"ఇరవై రెండు పాయింట్ నాలుగు సిగ్నల్, ఎర్రలో, నేను దాటాను. పగటి వెలుగులో. కళ్లజోడు పెట్టుకుని... ఆ, ఆటే. నవ్వుకో. నవ్వడం అయ్యాక చెప్పు... తొంభై మీటర్లు. తొంభైలో నువ్వు ఆపగలవా? నేను ఆపలేకపోయాను. నువ్వు నాకంటే బాగా నడిపేవాడివా?... కాగితమా? రాసిస్తా. నా పేరుతోనే రాసిస్తా."

రాశాడు. సంతకం పెట్టాడు. మెకానిక్ ఫొటో తీసి పంపించాడు. పొద్దున పాసింజరుకి కాషన్ ఆర్డరు ఇస్తామని జవాబు వచ్చింది. ఫలానా చోట ఫలానా వేగం మించొద్దని డ్రైవరు చేతికిచ్చే చీటీ అది. అయితే చీటీ ఇక్కడి గదిలోంచి అక్కడి స్టేషన్‌కి చేరాలి, స్టేషన్ మాస్టరు రాయాలి, అమ్మాయి చేతిలో పెట్టాలి. మూడు చేతులు మారాలి. ఏ చేతి మీదా మెకానిక్‌కి నమ్మకం కలగలేదు.

పొద్దున ఏడింటికే మళ్లీ అన్నగారి ముందు గదిలో ఉన్నాడు. కంట్రోల్ వాళ్లకి ఇచ్చింది ఈ ఇంటి నంబరే. ఏడూ ఇరవైకి వదిన టీ ఇచ్చింది, ఇద్దరూ తాగలేదు. ఏడూ ముప్పై ఐదుకి అన్నగారు, "ఇప్పుడు నది వంతెన దాటి ఉంటుంది" అన్నాడు. ఏడూ నలభైకి లేచి నిలబడ్డాడు. మెకానిక్ కళ్ల ముందు ఆ నల్లబడిన తెరే ఉంది. ఏడూ యాభై. ఎనిమిది. బయట ఎవరో స్కూటరు స్టార్టు చేస్తే ఇద్దరూ ఉలిక్కిపడ్డారు.

ఎనిమిదీ పన్నెండుకి ఫోన్ మోగింది. అన్నగారు ఎత్తి, విని, మెకానిక్ చేతికిచ్చాడు.

"నాన్నా, నేనే. చివరి స్టేషన్‌ నుంచి. ఈ నంబరుకి చెయ్యమని కంట్రోల్ వాళ్లు అన్నారు, ఎందుకో చెప్పలేదు."

"బాగున్నావా?"

"ఆ. ఇరవై రెండు దగ్గర పదిహేను మించొద్దని చీటీ ఇచ్చారు. ఏ మహానుభావుడు పెట్టించాడో, మొదటి రోజే ఆలస్యం చేశాడని తిట్టుకుంటూ వెళ్లాను. గోడ దాటేసరికి ఎదురుగా ఎర్ర, నాన్నా. ఆపాను. నా ముందునుంచే రాళ్ల బండి వెళ్లింది. ముప్పై ఎనిమిది వ్యాగన్లు. ఇంకేం చెయ్యాలో తెలీక లెక్కపెట్టాను."

అక్కడితో ఊరుకోవచ్చు. మెకానిక్ ఊరుకోలేదు. పోటీ గురించి, పదిహేడో రూటు గురించి, ముగ్గురూ ఒకే చోట దాటడం గురించి చెప్పాడు. ఆమె అడ్డురాకుండా విన్నది.

"నువ్వెప్పుడు దాటావు?"

"ఆదివారం."

లైన్లో స్టేషన్ చప్పుడు వినిపిస్తోంది, ఎవరో పెట్టెలు ఈడుస్తున్నారు.

"ఎవరికీ చెప్పలేదా?"

"నలుగురూ నవ్వుతారని..."

"ఇవాళ గురువారం, నాన్నా."

ఆయన ఫోన్ ఇంకో చెవికి మార్చుకున్నాడు.

"తిరుగు బండికి టైమైంది. పెట్టేస్తున్నా."

"నెమ్మదిగా రామ్మా."

"చీటీ ఉందిగా" అని పెట్టేసింది.

అన్నగారు ఆయన మొహంలోకే చూస్తున్నాడు. "ఏమంటోంది?"

మెకానిక్ ఫోన్‌ని బల్ల మీద పెట్టాడు.

"ఇవాళ గురువారం అంటోంది."