గాడులు జరిగాయి

వెర్నా లిండ్‌క్విస్ట్ తుపాకీ గొట్టం పని అయిపోయిందని షూటింగ్ క్లబ్బంతా తేల్చేసింది. నిరుటిదాకా వంద గజాల దూరాన ఆమె పేల్చిన అయిదు చిల్లుల్నీ పది సెంట్ల బిళ్ళ ఒక్కటే కప్పేసేది. ఈ వేసవిలో మాత్రం కోళ్లు కెలికినట్టు కాగితమంతా చిల్లులే. శనివారం ఆ బిళ్ళ పరీక్ష నెగ్గకపోతే, మోంటానా పోటీలకు వెళ్లే జట్టులో ఆమె చోటు గల్లంతే.

తూటాల్లో మందు మార్చింది, గింజ గింజా తూచింది, మరలన్నీ బిగించింది. ముట్టుకోనిది ఒక్కటే: ఇత్తడి గుల్లలో గుండు ఎంత లోతుకు దిగాలో పదహారేళ్ల కిందట తన పుస్తకంలో తనే ఎర్రసిరాతో రాసుకున్న కొలత. దాన్ని అనుమానించాలని ఆమెకు తోచనే లేదు.

గురువారం పాత పికప్ ఆపి హ్యాండ్‌బ్రేకు లాగింది. నిరుడు మూడు టిక్కులకే పట్టేది, ఇప్పుడు ఏడు దాకా లాగాల్సి వచ్చింది. అరిగినకొద్దీ ఎడం పెరిగింది మరి. వెర్నా చెయ్యి బ్రేకు మీదే ఆగిపోయింది.

ఇంట్లోకెళ్లి, మందు లేని ఉత్త గుల్లలో ఒక గుండు బిగించి, కొవ్వొత్తి మసి పట్టించి, గొట్టంలోకి తోసి తీసింది. మసి చెదరలేదు, అంటే గుండు దేన్నీ తాకలేదు. గొట్టం లోపల గుండును తిప్పే గాడులు ఇన్నేళ్ల మంటకు కాలి అరిగి ముందుకు జరిగిపోయాయి. గుండు వాటిని అందుకునేలోపే దారి తప్పుతోంది. అప్పటినుంచి గుండును వెంట్రుక మందం చొప్పున పైకి కూర్చోబెడుతూ మూడేసి పేల్చి చూసింది. నాలుగో విడతకు, గాడులకు ఇంకా రవ్వంత ఎడం ఉండగానే, చిల్లులు దగ్గరికొచ్చాయి.

శనివారం, కొత్త గొట్టాలు అమ్ముకునే ఓరిన్ టెస్కీ ఆమె బల్ల పక్కనే చేరాడు.

"వెర్నా తల్లీ, దాన్ని టమాటా మొక్కకు ఊతంగా పాతెయ్. కాపైనా కాస్తుంది."

వెర్నా గురి చూసుకుంది. అయిదుసార్లు పేల్చింది. ఓరిన్ దుర్బిణికి కన్ను ఆనించి కాగితమంతా వెతికాడు.

"ఒక్క చిల్లే ఉందేంటి? మిగతా నాలుగూ ఏవీ?"

"అందులోంచే పోయాయి."

కాగితం తెచ్చి బిళ్ళ పెట్టారు. చిల్లు చుట్టూ బిళ్ళలో ఇంకా చోటు మిగిలింది. జట్టు పట్టీలో ఆమె పేరు మొదట ఎక్కింది. కొత్త గొట్టం ఎవరి దగ్గర కొన్నావని ఓరిన్ గొంతు తగ్గించి అడిగాడు.

"గొట్టం అదే. గాడులు జరిగాయి, గుండునీ జరిపాను."

వెర్నా పుస్తకం తీసి ఎర్రసిరా కొలత కొట్టేసి, పక్కన కొత్తది పెన్సిల్‌తో రాసింది. మళ్లీ అరుగుతుందిగా.

"టమాటాలకు రా, ఓరిన్," అంది తుపాకీ సర్దుకుంటూ. "ఊతకర్రలు మా దొడ్లో వేరే ఉన్నాయి."