గడప దగ్గర ఉప్పు

గడప దగ్గర ఉప్పు.

రెండు చిన్న తెల్ల పళ్ళాలు. పళ్ళానికొక కుప్ప. వేలెడు ఎత్తు, కొస తేలి... వెలుగు తగిలితే మెరిసే ఉప్పు.

గల్ఫ్ ఒడ్డున, ఫింటాస్‌లో ఆరో అంతస్తు. కిటికీ తీస్తే సముద్రం. తీయకపోయినా అద్దం మీద ఉప్పు పొర. ఇంటి పనికి వచ్చే రమణి రోజూ తుడుస్తుంది. రోజూ మళ్ళీ పేరుకుంటుంది. దాని మీద ఆమెకు కోపం లేదు.

కానీ గడప దగ్గర ఉప్పు ఏమిటి?

రమణిది రాయచోటి పక్కన పల్లె. ఉప్పు గడప దగ్గరికి ఎందుకొస్తుందో ఆమెకు ఒకరు చెప్పాలా! ఎవరో ఈ ఇంటి మనిషికి దిష్టి తీశారు. తీసి, పారబోయడం మరిచారు. దిష్టి తీసిన ఉప్పును ఇంట్లో ఉంచుకుంటారా ఎవరైనా?

కుళాయి తిప్పింది. ఉప్పు కరిగిపోయింది. పళ్ళాలు కడిగి, తుడిచి, బోర్లించింది.

మంచి పని చేశాననుకుంది.

అది మొదటిసారి.

ఆ ఇంటి మనిషి పేరు షిగెహరు. జపాన్ నుంచి ఇక్కడి ఫుట్‌బాల్ క్లబ్బు తెచ్చుకున్న స్ట్రైకర్. ముప్పై నాలుగేళ్ళు. గోలు కొట్టడమే అతని ఉద్యోగం — ఆ ఒక్కటే జరగడం లేదు.

ఒకప్పుడు జరిగింది. మంచు పడే ఊళ్ళో, పందొమ్మిదేళ్ళప్పుడు, తెల్లగా కప్పుకుపోయిన మైదానంలో తొలి గోలు. ఆ తర్వాత ఏడాదికి పది, పన్నెండు. ఆ తర్వాత థాయిలాండ్ వానలు. ఆ తర్వాత ఎడమ మోకాలు. ఆపరేషన్. ఆ తర్వాత ఈ ఎడారి... ఈ వేడి... ఈ ఖాళీ మ్యాచ్‌లు.

ఇవన్నీ రమణికి చెప్పింది గంగాధర్. క్లబ్బు వ్యాన్ నడుపుతాడు, జగిత్యాల మనిషి. అతని వ్యాన్‌లో ఎక్కినవాళ్ళ జాతకం అతనికి తెలియకుండా ఉండదు.

ప్రతి మ్యాచ్ రోజూ అంతే. రమణి వచ్చేసరికి షిగెహరు క్లబ్బుకు వెళ్ళిపోయి ఉంటాడు. గడప దగ్గర ఉప్పు ఉంటుంది. ఆమె పారబోస్తుంది.

అతను రాత్రికి గోలు లేకుండా తిరిగొస్తాడు.

పాపం, ఎంత దిష్టి తగిలిందో అనుకునేది రమణి. ఇంకాస్త శ్రద్ధగా పారబోసేది.

తొమ్మిది మ్యాచ్‌లు. తొమ్మిదిసార్లు ఉప్పు. సున్నా గోల్స్.

ఇక ఒక్క మ్యాచ్ మిగిలింది. అందులోనూ కొట్టకపోతే ఖలాస్ అని క్లబ్బు మేనేజర్ మొహం మీదే అన్నాడట. ఈ వయసులో, ఆ మోకాలితో, మరో క్లబ్బు రాదు. మ్యాచ్ ముందు రోజు వ్యాన్‌లో గదికి దింపుతూ గంగాధర్ ఈ కబురు చెబుతుంటే రమణికి ఉండబట్టలేదు. ఆ దిష్టి తీసేదెవరో గానీ సరిగ్గా తీయడం రావట్లేదని విసుక్కుంది.

గంగాధర్ వ్యాన్ ఆపాడు.

"గది దిష్టి ఉప్పు గాదక్కా. ఆళ్ళమ్మ హోటల్ల రోజు గడపకాడ పెడ్తుండెనట, మంచి జరగాలని. సారే చెప్పిండు."

రమణి తన చేతులు చూసుకుంది.

బ్నీద్ అల్ గార్‌లోని తన గదికి చేరింది. అన్నం ముందు కూర్చుంది. ముద్ద దిగలేదు. పప్పులో ఉప్పు... నాలుక మీద ఉప్పు... తొమ్మిదిసార్లు తన చేతుల్లోంచి జారిన ఉప్పు. వాళ్ళమ్మ మంచిని తను కుళాయి కింద కడిగేసింది. శుభ్రంగా. ఒక్క గింజ మిగలకుండా.

ఏడ్చింది.

తెల్లారి ఉప్పు పొట్లం కొనుక్కుని బస్సెక్కింది.

తలుపు తీసే ఉంది. షిగెహరు ఇంకా వెళ్ళలేదు. గడప పక్కన నేల మీద కూర్చున్నాడు. పక్కన బూట్లు. పక్కన రెండు పళ్ళాలు.

పళ్ళాలు ఖాళీ.

ఈసారి అతను ఉప్పు పెట్టలేదు. ఎడమ మోకాలి మీద చెయ్యి వేసుకుని, దాన్నే చూస్తున్నాడు... ఇంట్లో జబ్బు మనిషిని చూసినట్టు.

రమణి ఎదురుగా కూలబడింది. పొట్లం విప్పింది. ఉప్పు చూపింది, కుళాయి చూపింది, తొమ్మిది వేళ్ళు చూపింది.

"నేనే పారబోస్తి సార్. తొమ్మిదిసార్లూ నేనే."

అతనికి తెలుగు రాదు. కానీ అర్థమైంది. రాత్రి వచ్చేసరికి పళ్ళాలు కడిగి ఉంటే, మ్యాచ్ ముగిశాక పోతూ పోతూ రమణి తీసిందనుకున్నాడు ఇన్నాళ్ళూ. మ్యాచ్ జరిగే వేళకు గడప దగ్గర ఉప్పే లేదు... ఒక్కసారి కూడా లేదు.

ఆమెను చూశాడు. కుళాయిని చూశాడు. మోకాలిని చూశాడు.

నవ్వాడు.

ఆ ఇంట్లో అతని నవ్వు ఆమె ఎన్నడూ వినలేదు. కడుపు పట్టుకుని, గోడకు తల ఆనించి, కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు.

"సాల్ట్ ప్రాబ్లమ్," అన్నాడు. "లెగ్ గుడ్!"

ముగ్గురు డాక్టర్లు స్కానింగులు చూసి మోకాలు బాగుందన్నారు. అతను నమ్మలేదు. ఇప్పుడు నమ్మాడు.

రమణికి ప్రాణం లేచి వచ్చింది.

ఇద్దరూ కుప్పలు పోశారు. పొడి ఉప్పు నిలబడదు. నాలుగు నీటి చుక్కలు చల్లి, కాగితం పొట్లంలో అదిమి బోర్లించాలి — అతను చూపించాడు. ఒక కుప్ప అతని పద్ధతిలో గడప దగ్గర ఉండిపోయింది. రెండోది ఆమె గుప్పిట్లోకి తీసుకుంది. అతను అడగకుండానే తల వంచాడు. మూడుసార్లు తిప్పింది. ఆరంతస్తులు దిగి, రోడ్డు దాటి, ఆ ఉప్పును సముద్రంలో కలిపింది.

వెనక్కి చూడకుండా వచ్చింది.

మ్యాచ్ సాయంత్రం. రమణి చూడలేదు, చూసే ధైర్యం లేదు. గదిలో ఫోను బోర్లించి పెట్టుకుని కూర్చుంది. అది మోగింది.

"అక్కా, కొట్టిండు," అన్నాడు గంగాధర్. "ఆపరేషన్ కాలుతోనే."

ఆమె ఫోను పక్కన పెట్టింది. తర్వాత లేచి అన్నం పెట్టుకుంది. రెండు పూటల ఆకలి.

మర్నాడు ఫింటాస్. కిటికీ అద్దం మీద మళ్ళీ పొర. కుర్చీ మీద వేసిన జెర్సీ, వీపంతా చెమట ఆరిన తెల్ల చారలు. లోపల షిగెహరు నిద్రపోతున్నాడు. మళ్ళీ ఒప్పందం కాగితాలు రాస్తారో లేదో క్లబ్బు ఇంకా చెప్పలేదు. మధ్యాహ్నం రమ్మన్నారట, అంతే.

రమణి చీపురు తీసింది. ఊడుస్తూ ఊడుస్తూ తలుపు దాకా వచ్చింది.

చీపురు ఆగింది.

నిన్న ఆమె ఖాళీ చేసిన పళ్ళెం మళ్ళీ నిండి ఉంది. కొత్త కుప్ప... ఆమె గుప్పిటకు సరిపడేంత.

ఒకటి ఉంచడానికి. ఒకటి పారబోయడానికి.

గడప దగ్గర ఉప్పు.