ఒర్రెను కొన్నాం

సర్వేయరు గొలుసు చుట్టి సంచిలో పెట్టుకుంటూ చల్లగా చెప్పాడు: "మీరు కొన్న జాగల ఒర్రె లేదు."

మా చేపలవాళ్ల సంఘానికి కార్యదర్శిని నేనే. మంథని అవతల గోదావరిలో కలిసే ఆ చిన్న ఒర్రెను ఒడ్డున ఉన్న గడ్డినేలతో సహా కొనిపించిందీ నేనే. అందుకోసం మూడేళ్లు ఎవరి వాటా వాళ్లకు పంచకుండా ఆపి, ఊరందరి తిట్లూ తిన్నాను. తొలకరి వరదకు గోదావరి చేపలు గుడ్లు పెట్టడానికి ఆ ఒర్రెలోకే ఎదురెక్కుతాయి. దొరసాని నిర్మలాదేవి వరికి నీళ్లు ఆపుకోవడానికి దానికి అడ్డంగా మట్టికట్ట పోయించింది. నాలుగు వానాకాలాలుగా చేపలు కట్టదాకా వచ్చి తిరిగిపోతున్నాయి, మా వలల్లో పడేది ఏటేటా తగ్గిపోతోంది. ఆమె దగ్గర కొని భూమి మాదైతే కట్ట తెంపుతాం, గుడ్లు నిలిచే గడ్డి ఒడ్డు దున్నం, ఎవరినీ దున్ననివ్వం. అదీ మా ఆలోచన.

ఎనభై ఆరులో వచ్చిన పెద్ద వరదకు ఒర్రె దారి మార్చుకుందట. నక్షలో ఉన్నది పాత దారి. మాకు రిజిస్ట్రీ అయింది ఆ ఎండిన జాగే. కట్ట ఉన్న నేల ఇంకా దొరసాని పేరు మీదే ఉంది. నీళ్లలో పుట్టి పెరిగినవాళ్లం కదా, పారే నీళ్లను కళ్లతో చూసి, కాగితం చూడకుండా వేలిముద్రలు వేసి వచ్చాం. ఇంతకంటే సిగ్గుచేటు ఉంటుందా!

గోదావరి మీద మొగులు కమ్ముకొస్తోంది. నా భార్య కమలవ్వ నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"దొరసాని మల్ల పైసలడిగితే ఏం జేస్తవ్? నిన్ను అమ్ముదామంటే ఎవ్వలు కొనరు."

సంఘం అధ్యక్షుడు బుచ్చిరాములును వెంటబెట్టుకుని దొరసాని ఇంటికి పోయాను. ఆమె అరుగు మీద కూర్చుని మక్కజొన్న విత్తనాలు ఏరుతోంది. దండం పెట్టి మెల్లగా చెప్పాలని దారంతా అనుకున్నాను. తీరా నోరు తెరిస్తే వేరే మాట వచ్చింది.

"మమ్ముల మోసం జేసిండ్రు దొరసానీ!"

బుచ్చిరాములు నా చెయ్యి గిల్లాడు. ఆమె నా చేతిలోని నక్ష తీసుకుని, అద్దాలు పెట్టుకుని చాలాసేపు చూసింది.

"గీ నక్ష నేను గూడ జూడలే హనుమండ్లూ. ఒర్రె పారే జాగ అని అమ్మిన. అది యాడ పారితే గదే మీది," అంది. "గా ఎండిన జాగ నాకియ్యుండ్రి. అండ్ల ఒండ్రుమన్ను పడ్డది, మక్కలు మంచిగైతయి. బదలాయింపు కాయితం రాసుకుందాం."

నా ప్రాణం లేచొచ్చింది. మోసమన్నందుకు సిగ్గుపడుతూ ఆమె కాళ్ల దగ్గరికి వంగబోయాను.

"నీ దండాలు తర్వాత, పోవయ్యా! మొగులు కానొస్తలేదా? ముందుగాల కట్ట తెంపుకోపోండ్రి," అని కసిరింది.

మధ్యాహ్నం నుంచి పొద్దుగూకేదాకా ఆడా మగా అందరం పారలు, గడ్డపారలు పట్టి కట్టను ఇద్దరు మనుషులు పట్టేంత వెడల్పున తెంపాం. తెల్లవారేసరికి వాన దంచింది. ఎర్రనీళ్లు గోదావరిలోకి ఉరుకుతున్నాయి. వాటికి ఎదురుగా జెల్లలు, వాలుగలు ఎగిరెగిరి పైకి వస్తున్నాయి. ఒడ్డున ఊరు ఊరంతా నిలబడింది. ఒక్కరి చేతిలో వల లేదు. మా వాడ లస్మవ్వ ముసల్ది కళ్లొత్తుకుంటోంది.

తెంపిన కట్ట అంచున నీళ్లు లోతు లేక, మూరెడు వాలుగ ఒకటి రాళ్లలో ఇరుక్కుంది. కడుపు నిండా గుడ్లు. ఇంకోనాడైతే అది సాయంత్రానికి మా పొయ్యి మీద ఉండేది.

"సూస్తవేంది, పైకి నూకు!" అని అరిచింది కమలవ్వ.

నీళ్లలోకి దిగి రెండు చేతులూ దాని కింద పెట్టి పైకి తోశాను. ఒక్క విదిలింపుతో నా ముఖాన బురద కొట్టి వెళ్లిపోయింది. మూడేళ్ల తర్వాత ఆ పొద్దు కమలవ్వ నన్ను తిట్టకుండా అన్నం పెట్టింది.